తమ్ముడి వాటా భూమి, వేలిముద్ర, సంరక్షకత్వం: మా ఇంటి పరిస్థితికి ఏ చట్టం వర్తిస్తుంది?

వంశధార ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె. నా తమ్ముడికి 36 ఏళ్లు. పుట్టుకతోనే మేధో వైకల్యం ఉంది. సదరం ధ్రువపత్రంలో 75 శాతమని రాశారు. రెండు ఆవులను వాడే చూసుకుంటాడు, తెల్లవారకముందే పాలకేంద్రంలో పాలు పోసి వస్తాడు, ఊళ్లో ఎవరు ఎవరికి ఏమవుతారో నాకంటే వాడికే బాగా తెలుసు. పది, యాభై, వంద నోట్లను గుర్తుపడతాడు గాని వెయ్యికీ లక్షకూ ఉన్న తేడా వాడికి అందదు.

నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు. ఆయన స్వార్జితం 1 ఎకరా 40 సెంట్ల పల్లపు భూమి. తమ్ముడి పేరుమీద బ్యాంకులో నాలుగు లక్షల డిపాజిట్టు కూడా వేసి ఉంచారు. ఇప్పుడు రెండు చిక్కులు వచ్చాయి. సంరక్షకుల పత్రం తెస్తే గాని డిపాజిట్టు కదపడం కుదరదని బ్యాంకువారు అంటున్నారు. అన్నయ్యేమో, తమ్ముడిని జీవితాంతం తానే చూసుకుంటాడు కాబట్టి వాడి చేత హక్కు విడుదల దస్తావేజు (తన వాటాను వదులుకుంటున్నట్టు రాసే కాగితం) మీద వేలిముద్ర వేయిస్తే సరిపోతుందని అంటున్నాడు. అన్నయ్య చెడ్డవాడని నేను అనను. అయితే ఆ వేలిముద్ర దేనికో తమ్ముడికి తెలియదని మాత్రం నాకు తెలుసు. అమ్మకు 71 ఏళ్లు. కన్నతల్లే కాబట్టి వేరే కాగితం అక్కర్లేదని, ఆమే సంరక్షకురాలని దస్తావేజులేఖరి చెప్పారు. ఇది నిజమేనా? అసలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కోర్టు వీధి:

నేను శ్రీకాకుళంలో న్యాయవాద వృత్తిలో ఉన్నాను. దస్తావేజులేఖరి చెప్పిన మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ జిల్లాలో నేను ఎక్కువసార్లు విన్న పొరపాటు అదే. బిడ్డకు 18 ఏళ్లు నిండిన రోజుతో తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వం ముగుస్తుంది, వైకల్యం ఎంత తీవ్రమైనదైనా సరే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకే గాని పెద్దవాళ్లకు వర్తించదు. చట్టం దృష్టిలో మీ తమ్ముడు 18 ఏళ్లుగా సంరక్షకులెవరూ లేని వయోజనుడు.

మీ తమ్ముడికి నేరుగా వర్తించేది 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం (చట్టంలో రాసిన పాత మాట బుద్ధిమాంద్యం), బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికే అది పరిమితం. ఈ చట్టం కింద కోర్టుకు వెళ్లనక్కర్లేదు. ప్రతి జిల్లాలో కలెక్టరు స్థాయి అధికారి, ట్రస్టులో నమోదైన ఒక సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి సభ్యులుగా స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. తల్లిదండ్రులు గాని, బంధువు గాని ఆ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. విభిన్న ప్రతిభావంతుల శాఖ జిల్లా కార్యాలయంలో అడిగితే దారి చూపిస్తారు.

14వ సెక్షనులో ఒక మాటను మాత్రం జాగ్రత్తగా చదవాలి. సంరక్షకులుగా ఎవరిని నియమించాలన్న ప్రశ్నకు ముందు కమిటీ మరో రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ వ్యక్తికి సంరక్షకులు అవసరమా, అవసరమైతే ఏ పనుల కోసం? కాబట్టి దరఖాస్తులో "సమస్త విషయాలకూ" అని రాయకండి. మీ తమ్ముడు ఏవి స్వయంగా చేసుకోగలడో, ఏవి చేసుకోలేడో విడివిడిగా రాయండి. ఆవులు, పాలు, ఊరి వరసల గురించి మీరు ఇక్కడ రాసిన వాక్యాలే ఆ దరఖాస్తుకు ప్రాణం.

ఇక భూమి సంగతి. వైకల్యం కారణంగా ఎవరికీ వారసత్వం పోదని హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షను చెబుతోంది. మీ నాన్నగారి స్వార్జితంలో అమ్మగారికి, మీ ముగ్గురికి సమాన వాటాలు, అంటే తలా 35 సెంట్లు. ఒప్పందం చేసుకునేవారు దాని అర్థాన్ని గ్రహించి, తమ మేలు కీడులపై దాని ప్రభావాన్ని బేరీజు వేసుకోగలగాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను అంటుంది. అర్థం కాకుండా వేయించిన వేలిముద్రతో పుట్టిన విడుదల దస్తావేజు రేపు కోర్టులో నిలవదు. ఈ మాట మీ అన్నగారికి కూడా చెప్పండి. ఆ కాగితం ఆయనకూ రక్షణ ఇవ్వదు.

బొబ్బిలి వీణ:

మా అమ్మాయికి 24 ఏళ్లు, ఆటిజం ఉంది. మాటలు చాలా తక్కువ. రెండేళ్ల క్రితం నేను ఈ కమిటీ ద్వారానే సంరక్షకత్వం తీసుకున్నాను. పత్రం చేతికి వచ్చాకే అసలు పని మొదలవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు చెబుతున్నాను. నియమించిన ఆరు నెలల్లోగా ఆమె ఆస్తిపాస్తులు, అప్పులు, రావలసిన బాకీల జాబితాను అధికారులకు ఇవ్వాలి. ఆ తరువాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా జమాఖర్చుల లెక్క సమర్పించాలి. మొదటి ఏడాది నేను ఇంటి ఖర్చునూ పాప ఖర్చునూ ఒకే సంచిలో కలిపేశాను, లెక్క తేల్చడానికి వారం రోజులు ఏడుస్తూ కూర్చున్నాను. ఇప్పుడు ఆమె పింఛను 6,000 రూపాయలకు వేరే ఖాతా, వేరే నోటుపుస్తకం. మందుల చీటీలు కూడా అందులోనే అంటిస్తాను.

సంరక్షకులు నిర్లక్ష్యం చేసినా, ఆస్తిని మింగినా వారిని తొలగించమని తల్లిదండ్రులు గాని, మరో బంధువు గాని, నమోదైన సంస్థ గాని కమిటీని కోరవచ్చు. ఆ నిబంధన నాకు ధైర్యాన్నిచ్చింది. నా తరువాత సంరక్షకుడయ్యే మా మరిది మంచివాడే, కాని నేను పోయాక ఆయనను అడిగేవాళ్లు ఉండాలి కదా.

నాగావళి:

ఎవరి తరఫున తాము సంతకం పెట్టాలని ఇంటివాళ్లు చూశారో, ఆ మనిషిని నేను. నాకు 41 ఏళ్లు. బైపోలార్ జబ్బుకు 19 ఏళ్లుగా మందులు వాడుతున్నాను, రెండుసార్లు విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేరాను. మా ఇంటి పంపకాల్లో పెద్దమనుషుల ముందు నా మందుల చీటీలు పరిచి, "మతి స్థిమితం లేనివాడి సంతకం చెల్లదు, వాటా మా చేతిలో ఉంటుంది" అన్నారు. ఆ రోజు నేను పూర్తి ఆరోగ్యంతో, ఆ చీటీల ఎదురుగానే కూర్చుని ఉన్నాను.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షను ఏమంటుందో అందరూ తెలుసుకోవాలి. ఒకరికి మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన, అధికారం ఉన్న కోర్టు ప్రకటిస్తే తప్ప, వారిని మతి స్థిమితం లేనివారిగా భావించకూడదు. చికిత్స విషయంలో 4వ సెక్షను ఇంకా స్పష్టంగా ఉంది. చెప్పిన సమాచారం అర్థమవుతూ, నిర్ణయం వల్ల ఏం జరుగుతుందో తెలుస్తూ, తన నిర్ణయాన్ని మాటతోనో, సైగతోనో, మరో విధంగానో చెప్పగలిగితే ఆ వ్యక్తికి సామర్థ్యం ఉన్నట్టే. ఆ నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన సామర్థ్యం లేదనడానికి వీల్లేదు.

నేను బాగున్నప్పుడే ముందస్తు ఆదేశం రాసుకున్నాను. జబ్బు ముదిరితే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, నా ప్రతినిధి ఎవరో అందులో ఉంది. ప్రతినిధి మా చెల్లెలు. ఇది అత్యవసర చికిత్సకు వర్తించదని, దీన్ని పక్కన పెట్టాలని ఇంటివాళ్లు గాని డాక్టరు గాని అనుకుంటే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డును ఆశ్రయించాలని మా డాక్టరుగారు వివరించారు. గొలుసుతో కట్టడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. మా ఊళ్లో నా చిన్నప్పుడు ఒక మనిషిని అలా కట్టి ఉంచడం నేను చూశాను.

వంశధార ఒడ్డు గారికి ఒక ప్రశ్న. ఈ దరఖాస్తు గురించి మీ తమ్ముడిని అడిగారా?

వంశధార ఒడ్డు:

నాగావళి గారూ, మీ ప్రశ్న చదివి చాలాసేపు జవాబు రాయలేకపోయాను. అడగలేదు. అడిగితే అర్థం కాదని నేనే అనుకున్నాను.

బొబ్బిలి వీణ:

నాగావళి గారి అనుభవం నన్ను బాధించింది. కాని ఒక మాట చెప్పక తప్పదు. మా అమ్మాయిని "నీకు సంరక్షకులు కావాలా" అని అడిగితే ఆమె ఆ మాటనే తిరిగి పలుకుతుంది. దాన్ని సమ్మతి అనుకోవాలా? బస్టాండులో ఎవరు చెయ్యి పట్టుకున్నా వెళ్లిపోయే బిడ్డకు పరిమితం, తాత్కాలికం అంటే నాకు భయం వేస్తుంది. ఆమె తరఫున గట్టిగా నిలబడే అధికారం నాకు కావాలి.

కోర్టు వీధి:

మీరిద్దరూ చెప్పినవి రెండూ చట్టంలో ఉన్నాయి. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 12వ అధికరణం, వైకల్యం ఉన్నవారికి అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉందని చెప్పింది. దాన్ని అనుసరించి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 14వ సెక్షనులో పరిమిత సంరక్షకత్వం ఉంది. సంరక్షకులు, ఆ వ్యక్తి పరస్పర విశ్వాసంతో కలిసి నిర్ణయించడం, ఒక నిర్దిష్ట నిర్ణయానికి, నిర్దిష్ట కాలానికి, ఆ వ్యక్తి ఇష్టానుసారంగా నడుచుకోవడం దాని అర్థం. అయితే అవసరమైన వారికి సంపూర్ణ సహాయం ఇచ్చే వెసులుబాటు కూడా అదే సెక్షనులో ఉంది కాబట్టి బొబ్బిలి వీణ గారు భయపడనక్కర్లేదు. ఇతర చట్టాల కింద నియమితులైన సంరక్షకులు కూడా ఇకపై పరిమిత సంరక్షకులుగానే వ్యవహరించాలని ఆ చట్టం చెబుతున్నందున, ఆమె చేతిలోని పత్రాన్ని కూడా ఆ వెలుగులోనే చదువుకోవాలి.

2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. స్వల్ప మేధో వైకల్యం ఉన్న ఒక అనాథ యువతి తన గర్భాన్ని ఉంచుకోవాలని కోరుకుంది. ఆమె మేలు కోసమే గర్భస్రావం చేయించాలని పాలనాయంత్రాంగం వాదించింది. ఆమె సమ్మతి లేకుండా అది కుదరదని కోర్టు తీర్పు చెప్పింది.

గంటస్తంభం:

విజయనగరం నుంచి రాస్తున్నాను. మా అమ్మగారికి 78 ఏళ్లు, నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు ముదురుతోంది. జబ్బు మొదలుకాకముందే నాకు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చారు. అది చేతిలో ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు అది చెల్లదని ఒకరన్నారు. సరిగ్గా అవసరమైన రోజునే చెల్లని కాగితం ఎందుకు?

కోర్టు వీధి:

దురదృష్టవశాత్తు వారు చెప్పింది నిజం. రాసి ఇచ్చినవారు మతి స్థిమితం కోల్పోతే ఏజెన్సీ, అంటే వారి తరఫున వ్యవహరించే అధికారం, ముగుస్తుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను చెబుతుంది. సామర్థ్యం పోయిన తరువాత కూడా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీకి మన చట్టంలో చోటు లేదు. మీ అమ్మగారి మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, జాతీయ ట్రస్టు చట్టంలోని నాలుగు వైకల్యాల్లో లేదు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో జిల్లా కోర్టు ద్వారా ఆస్తికి మేనేజరును నియమించే అధ్యాయం ఉండేది; 2017 చట్టం దాన్ని రద్దు చేసింది గాని, ఆస్తి విషయంలో దాని స్థానంలో ఏదీ పెట్టలేదు. ఈ ఖాళీ నన్ను చాలా ఏళ్లుగా బాధపెడుతోంది, ఎందుకంటే వయసు మళ్లిన తల్లిదండ్రులున్న ప్రతి ఇంటికీ ఇది రేపటి సమస్యే.

ఉన్న దారులు రెండు. మొదటిది, వైకల్య ధ్రువపత్రం తీసుకుని 2016 చట్టం 14వ సెక్షను కింద పరిమిత సంరక్షకత్వం కోరడం. రెండవది, రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టును ఆశ్రయించడం. కోమాలో ఉన్నవారి విషయంలో 2019లో కేరళ హైకోర్టు శోభా గోపాలకృష్ణన్ కేసులో ఈ మార్గంలోనే సంరక్షకుల నియామకానికి పద్ధతులు నిర్దేశించింది. పాత పవర్ ఆఫ్ అటార్నీతో ఆస్తి లావాదేవీలు మాత్రం చేయకండి. రేపు మీ అక్కచెల్లెళ్లో, కొన్నవారో ప్రశ్నిస్తే మీ నిజాయతీ మిమ్మల్ని కాపాడలేదు.

పాత లెడ్జరు:

ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. జాతీయ ట్రస్టు చట్టం కింద స్థానిక స్థాయి కమిటీ ఇచ్చిన సంరక్షక పత్రాన్ని ఖాతాల నిర్వహణకు అంగీకరించవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులకు తెలియజేసింది. కౌంటరులో "కోర్టు ఉత్తర్వు తెండి" అంటే ఆ సంగతి గుర్తుచేసి, లిఖితపూర్వకంగా జవాబు అడగండి.

మరొకటి. మంచం మీద ఉండి సంతకం పెట్టలేని ఖాతాదారుల వేలిముద్రను బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షుల సమక్షంలో తీసుకుని సొమ్ము ఇవ్వవచ్చు. ఆ ఇద్దరిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఇది శరీరం సహకరించని వారి కోసం పెట్టిన సదుపాయం. మనసుకు అందని వ్యవహారానికి దాన్ని వాడకూడదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల జరిగిన అన్యాయాలను నేను కళ్లారా చూశాను. ఏటీఎం కార్డు, పిన్ను ఇంటివాళ్లు దగ్గర పెట్టుకుని తీసుకోవడం కూడా అంతే, ఎంత మంచి మనసుతో చేసినా అది సంరక్షకత్వం అనిపించుకోదు.

నాగావళి:

వంశధార ఒడ్డు గారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు గాని ఇంకో విషయం అడగాలి. 35 సెంట్ల చొప్పున వాటాలు పొందేవారిలో మీరూ ఒకరు, అమ్మగారూ ఒకరు. మీలో ఎవరు సంరక్షకులైనా, పంపకాల రోజున మీ తమ్ముడి తరఫున మాట్లాడేదీ మీరే, ఎదుటి పక్షమూ మీరే అవుతారు. మా ఇంట్లో నాకు జరిగింది సరిగ్గా అదే.

కోర్టు వీధి:

నేను మొదటే చెప్పవలసిన మాటను నాగావళి గారు చెప్పారు. 2016 చట్టం 13వ సెక్షను ప్రకారం, ఏదైనా ఆస్తి లావాదేవీలో సహాయం చేసేవారి ప్రయోజనానికీ ఆ వ్యక్తి ప్రయోజనానికీ పొంతన కుదరకపోతే, ఆ లావాదేవీ మట్టుకు వారు తప్పుకోవాలి. కేవలం రక్తసంబంధం ఉన్నంత మాత్రాన ప్రయోజనాలు ఢీకొన్నట్టు భావించకూడదని కూడా అదే సెక్షను అంటుంది. అయితే పంపకం అనేది బంధుత్వానికి మించినది. అక్కడ మీరు సహవారసులు.

నా సలహా ఇది. రోజువారీ సంరక్షణ, డిపాజిట్టు, పింఛను, వైద్యం, వీటికి పరిమితం చేసి మీరు గాని అమ్మగారు గాని కమిటీకి దరఖాస్తు పెట్టండి. పంపకాన్ని విడిగా ఉంచండి. మాటల మీద తేలకపోతే విభాగ దావా వేయవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు కింద వారసులు కాని ఒకరిని, మీ మేనమామ వంటి వారిని, మీ తమ్ముడి తరఫున కోర్టు నియమించవచ్చు. కోర్టు అనుమతి లేకుండా ఆయన కూడా రాజీ కుదుర్చుకోలేరు. అదే మీ తమ్ముడికి అసలైన కంచె. ఖర్చు గురించి వెనకాడవద్దు. వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చాలు.

భవిత టీచరు:

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పద్నాలుగేళ్లుగా చదువు చెబుతున్నాను. అర్థం కావడమన్నది అడిగే పద్ధతి మీద చాలా ఆధారపడి ఉంటుందని నా అనుభవం. "నీ వాటా అన్నయ్యకు ఇస్తావా" అని అందరి మధ్యలో అడిగితే ఆ బాబు పెద్దవాళ్ల ముఖాలు చూసి తల ఊపుతాడు. ఆ తల ఊపడాన్ని నమ్మకండి. చేలోకి తీసుకెళ్లి గట్ల మీద నడిపించండి. ఇది అమ్మది, ఇది నీది అని చూపించండి. ఒక్కసారికి ఒక్క ప్రశ్నే అడగండి, అదే ప్రశ్నను రెండు రోజుల తరువాత మాట తిప్పి అడగండి. రెండుసార్లూ ఒకే జవాబు వస్తే దానికి విలువ ఉంది. ప్రశాంతంగా ఉండే వేళ చూసుకోండి. బొబ్బిలి వీణ గారూ, మీ పాపకు మాటల బదులు బొమ్మల కార్డులతో ప్రయత్నించండి. "వద్దు" అనే కార్డు ముందు నేర్పించండి. చాలామంది పిల్లలకు మనం "సరే" చెప్పడం మాత్రమే నేర్పుతాం.

వంశధార ఒడ్డు (నాలుగు నెలల తరువాత):

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను.

టీచరుగారు చెప్పినట్టే తమ్ముడిని చేలోకి తీసుకెళ్లాను. బోరు పక్క ముక్క చూపించి ఇది నీ వాటాకు వస్తే ఏం చేస్తావని అడిగాను. "పచ్చగడ్డి ఏత్తాను, ఆవులకి" అన్నాడు. అన్నయ్యకు ఇచ్చేస్తావా అని అడిగితే, "అన్నకి వరి ఇత్తాను, చేను ఇవ్వను" అన్నాడు. మూడు రోజుల తరువాత మాట మార్చి అడిగినా అదే జవాబు. రెండోసారి అన్నయ్య కూడా పక్కనే ఉన్నాడు. అన్నయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత విడుదల దస్తావేజు ప్రస్తావన మళ్లీ తేలేదు.

సంరక్షకత్వానికి అమ్మా నేనూ కలిసి ఆలోచించి నా పేరుతో దరఖాస్తు పెట్టాం, డిపాజిట్టు, పింఛను, వైద్యం వరకే. విచారణ రోజున తమ్ముడిని నేరుగా అడిగారు, నీ డబ్బు ఎవరు చూడాలి అని. "అప్ప చూత్తాది. నాను అప్పకాడే ఉంతాను. పాల డబ్బులు మట్టుకు నాకియ్యాల" అన్నాడు (అప్ప అంటే అక్క, నేనే). ఆ చివరి మాటను వారు రాసుకున్నారు. పాల డబ్బులు ఇన్నాళ్లూ నేనే తీసుకుని దాచేదాన్ని, వాడికి అది ఇష్టం లేదని నాకు ఆ రోజు వరకూ తెలియదు. ఇప్పుడు పది రోజులకొకసారి వచ్చే ఆ సొమ్ము వాడి చేతికే వెళుతోంది. సగం దాణాకు, మిగతాది సంతలో జంతికలకు ఖర్చు పెడుతున్నాడు.

పంపకానికి మేనమామ ఒప్పుకున్నారు. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా న్యాయవాది దొరికారు, కోర్టు అనుమతితో రాజీ చేసుకునే ప్రయత్నంలో ఉన్నాం. బొబ్బిలి వీణ గారూ, ఆరు నెలల్లోగా ఇవ్వవలసిన ఆస్తుల జాబితాలో ఆవులను కూడా రాయాలా? ఒకటి వచ్చే నెలలో ఈనుతుంది.

బొబ్బిలి వీణ:

రాయండమ్మా, ఆస్తి అంటే ఇల్లూ పొలమే కాదు కదా. ఈనిన తరువాత దూడను కూడా మరుసటి లెక్కలో చేర్చండి. నా నోటుపుస్తకం పేజీల ఫొటోలు మీకు విడిగా పంపుతున్నాను. మా అమ్మాయి "వద్దు" కార్డు నేర్చుకుంది. నిన్న నా మీదే రెండుసార్లు వాడింది.